ముప్పై తొమ్మిది పెట్టెలు

సుజాత తల దువ్వుకుని వచ్చేసరికి ఆమె ఆఫీసు బ్యాగు ఇంట్లో లేదు. వాకిట్లో, చెప్పుల పక్కన ఉంది.

“దీన్ని ఈడ ఎవురు పెట్టినారు?”

“నేనే,” అంది లోపలినుంచి ఓబులమ్మ. “ఆ కంపెనీ వస్తువు నా గడప లోపల ఉండేదానికి లేదు.”

బుధవారం నుంచి అత్త కోడలితో పలకలేదు. శనివారం పొద్దున పలికిన మొదటి మాట ఇదే.

నడవలో మంచం మీద బాలమ్మ పడుకుని ఉంది. ఓబులమ్మకు తోడబుట్టిన అక్క. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. ముప్పై ఏళ్ళుగా మందిరం ఊడ్చి కడిగిన చేతులవి. నాలుగు రోజులుగా అన్నం కూడా చెల్లెలే కలిపి నోట్లో పెడుతోంది.

“అత్తా, నేను కావాలని చేసినానా?”

“కావాలని చేసినావన్లేదు. చేసినావంటాండా.”

“బ్యాటరీ పగుల్తాదని నాకేం తెలుసు? బెంగుళూరు నుంచి లిస్టు వచ్చింది. లిస్టు ప్రకారం కాయితాలు రాసినా. నా పని అదే గదా.”

“మా అక్క చేతులు కాయితాలు కాదు మే.”

“ఓబులమ్మా, గమ్మునుండు,” అంది బాలమ్మ మంచం మీదినుంచి. “ఆ పిల్లనేమంటావు? పెట్టె ఎత్తింది నేను. ఎత్తమని ఎవురన్నా చెప్పినారా నాకు?”

“నువ్వు గమ్మునుండు. కాలు తొక్కినోళ్ళకు కూడా నువ్వే క్షమాపణ చెప్తావు. నీ బతుకంతా ఇదే.”

అది మాత్రం నిజం. బాలమ్మ అలాంటి మనిషి. అందుకే ఓబులమ్మకు ఆ కోపం.

జరిగింది ఇంతే. సుజాత నంద్యాలలో ఒక బెంగుళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీ శాఖలో పనిచేస్తుంది. నూట ఇరవై మంది కంప్యూటర్ల ముందు కూర్చునే చోటు. సుజాతది మాత్రం వేరే పని. కంపెనీ నాటిన చెట్లెన్ని, మిగిల్చిన కరెంటెంత, బడులకిచ్చిన సామాను ఏమిటి, ఇవన్నీ రాసి కంపెనీకి పని ఇచ్చే విదేశాల వాళ్ళకు పంపాలి. ‘సామాజిక బాధ్యత’ అని ఆమె బల్ల మీద చిన్న బోర్డు కూడా ఉంది. పాత కంప్యూటర్లు చెత్తలో పడకుండా ఇంకెవరికన్నా పనికొస్తే కంపెనీకి మంచి పేరు. నలభై కంప్యూటర్లు, కరెంటు పోతే వాటిని నడిపే బ్యాటరీలతో సహా, ఆళ్లగడ్డలోని తమ మందిరం బడికిద్దామన్నది సుజాతే. ఆ బడి కమిటీకి పెద్ద ఆమె మామ సంజీవయ్య. రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద.

పెట్టెలు దిగిన రోజు రసీదులో ‘నలభై యంత్రాలు, అన్నీ పనిచేస్తున్నవి’ అని అచ్చువేసి ఉంది. సంజీవయ్య సంతకం పెట్టాడు. ఒక్క పెట్టె కూడా విప్పలేదు. ఎట్లా విప్పుతాడు? ఆ ఇళ్ళలో పాస్టరు ప్రార్థన చేయందే కొత్త కుట్టుమిషను మీద గుడ్డ కూడా తియ్యరు. పాస్టరు యాకోబు మీటింగులని ఊళ్ళు తిరిగి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అంతవరకూ పెట్టెలు సండేస్కూలు గదిలో చెమ్మ నేల మీదే ఉన్నాయి.

పోయిన ఆదివారం ప్రార్థన అయింది. అన్నిటికన్నా పైన ఉన్న పెట్టె విప్పారు. అందులోని కంప్యూటర్ వెలిగింది. చప్పట్లు, ఫోటోలు. సంజీవయ్య లేచి సాక్ష్యం చెప్పాడు. దేవునికి వందనాలు, కంపెనీకి వందనాలు, నా కోడలు సుజాతకు వందనాలు అన్నాడు. కోడలి పేరు మందిరంలో చెప్పిన మామను ఆ ఊళ్ళో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

బుధవారం గది కడగడానికి పోయిన బాలమ్మ అడుగున ఉన్న పెట్టెను పక్కకు పెట్టబోయింది. నాని ఉన్న అట్ట ఊడింది. ఉబ్బి పగిలిన బ్యాటరీలోని యాసిడ్ చేతుల మీద పడింది. ఆ సాయంత్రమే సంజీవయ్య తలుపేసుకుని, కొడుకు వినీత్, అంటే సుజాత మొగుడి చేత మిగతావన్నీ విప్పించాడు. వినీత్‌ది కరెంటు పని. ఒక్కొక్కటే ప్లగ్గు పెట్టి చూశాడు. ముప్పై తొమ్మిదీ చచ్చినవే. కొన్నిటి లోపల డొల్ల.

సుజాత తన మేనేజరుకు ఫోనులో చెప్పింది తప్ప, ఈ సంగతి ఈ ఇల్లు దాటలేదు. ఏదో ఒక పెట్టె కారిందట అనుకుంటున్నారు ఊళ్ళో.

సంజీవయ్య పెరట్లోంచి గడ్డం గీసుకుని వచ్చాడు. బుధవారం నుంచి ఆయనా సరిగ్గా మాట్లాడింది లేదు. తువాలు దండెం మీద వేసి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

“రేపు మందిరంలో చెప్తా.”

“ఏం చెప్తావు నాయనా?” అన్నాడు వినీత్.

“పోయిన ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమని చెప్తా. చూడకుండా సంతకం పెట్టినానని చెప్తా.”

సుజాత ఆయనకు అడ్డం వచ్చింది. “మామా, ఒక్క రెండు రోజులు ఆగు. నీ కాళ్ళు మొక్కుతా. సోమవారం ఆ విదేశాలోళ్ళు బడిని చూసేదానికి వస్తాండారు. ఈలోపల ఈ మాట బయటికి పోతే పనంతా వెనక్కి తీసుకుంటారు. నూటిరవై మంది మామా. మన మందిరం పిల్లోళ్ళే పదకొండు మంది.”

“సోమవారం వచ్చి ఏం చూస్తారు?”

“బడిలో కంప్యూటర్లు.”

“యాడుండాయి?”

సుజాత చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. చెప్పక తప్పలేదు.

“ఆ ఒక్కరోజుకూ మా ఆఫీసోళ్ళు నలభై మంచివి బాడుగకు తెచ్చి పెడతామంటాండారు.”

వినీత్ తల తిప్పుకున్నాడు. పెళ్ళాన్ని సమర్థించాలో తండ్రిని సమర్థించాలో తెలియక, ఈ నాలుగు రోజులుగా ఆ మనిషి ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే గడుపుతున్నాడు.

“నా బడిలోనా?” అన్నాడు సంజీవయ్య. “పిల్లోళ్ళను వాటి ముందర కూర్చోబెట్టి ఫోటో తీసుకుంటారు. మంగళవారం ఎత్తుకపోతారు. అంతేనా?”

“మళ్ళీ ఏదో ఒకటి ఏర్పాటు చేస్తామన్నారు మామా.”

“మంగళవారం పిల్లోళ్ళు నన్నడుగుతారు. సార్, నిన్నటివి యాడికి పోయినాయని. నేనేం చెప్పల్ల?”

సుజాత బ్యాగు తీసుకుని బస్టాండు దారి పట్టింది.

*

నంద్యాల ఆఫీసు మెట్ల మీద లూదియా కాచుకుని ఉంది. ఆళ్లగడ్డ పిల్లే. మందిరంలో పాటల గుంపులో ముందు నిలబడి పాడే పిల్ల. ఆ సెంటర్‌లో మొదట ఉద్యోగం వచ్చిందీ ఆ పిల్లకే, ఇప్పించిందీ సుజాతే.

“అక్కా, మేనేజరు సార్ మీ పెద్దత్తను చూసేదానికి మన ఊరికి పోతానంటాండాడు. ఏందక్కా అంత పెద్ద దెబ్బనా?”

“తగ్గుతాది లే.”

“సోమవారం వచ్చేటోళ్ళు మా మీద ఏమన్నా రాస్తారంటనా? ఇంట్లో మా నాయన ఊరికే అడుగుతాండాడు. పని ఉంటాది గదక్కా?”

“పోయి పని చూసుకో పా,” అంది సుజాత. అలా కసిరినందుకు వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

మేనేజరు రాజశేఖర్ కోయిలకుంట్ల దగ్గర శనగ పండించే రైతుల కుటుంబంలో పుట్టినవాడు. పదిహేనేళ్ళు బెంగుళూరులో చేసి, పోట్లాడి ఈ శాఖను నంద్యాలకు తెచ్చాడు. చెడ్డవాడని చెప్పను. చెడ్డవాడైతే ఈ కథ సులువుగా తేలిపోయేది.

“కూర్చో సుజాతమ్మా. పెద్దామెకు ఎట్లుంది? ఎంత మంచి ఆస్పత్రికైనా పంపిద్దాం. నేను చూసుకుంటా.”

“సార్, ఒక మాట అడగల్ల. బెంగుళూరులో ఆ పెట్టెలు వ్యాను ఎక్కేటప్పటికే చచ్చినాయని మీకు తెలుసా?”

రాజశేఖర్ పెన్ను మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

“అనుమానముండె,” అన్నాడు చివరికి. “చెత్తకు పంపితే చెత్త లెక్కలోకి వస్తాది. బడికి పంపితే మంచి లెక్కలోకి వస్తాది. పైనోళ్ళు బడికే అన్నారు. పదో పదహైదో పోతాయనుకుంటి. అన్నీ పోయింటాయనుకోలేదు.”

“అనుమానముండి మా బడికి పంపిస్తిరా సార్?”

“బడి పేరు చెప్పింది నువ్వే గదమ్మా.”

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఆయన బల్ల మీద ఒక కాగితం ముందుకు జరిపాడు. బడి కమిటీ తరఫున ఉత్తరం. యంత్రాలు బాగున్నవే అందినవి, తేమ ఉన్న గదిలో మూడు వారాలు ఉంచడం వల్ల పాడైనవి. కింద సంజీవయ్య సంతకానికి చోటు.

“గది చెమ్మదే గదా? విప్పకుండా పెట్టుకున్నదీ నిజమే గదా? మీ మామ ఒక్క సంతకం పెడితే అందరమూ బయటపడతాం.”

“మా మామ పెట్టడు సార్. రేపు మందిరంలో లేచి ఉన్నదున్నట్టు చెప్తానంటాండాడు.”

రాజశేఖర్ అద్దం అవతల కూర్చున్న పిల్లలను చూశాడు. వరసగా తలలు. మిడుతూరు పిల్లలు, కోయిలకుంట్ల పిల్లలు, లూదియా.

“చెప్పేముందు ఇది చూడమను,” అంటూ సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు.

అది వ్యానుతో వచ్చిన లిస్టు. నలభై వరసలు. చివర ‘పరీక్షించినవారు’ అన్న గడి. ఆ గడిలో సుజాత పేరు, సుజాత సంతకం.

సుజాతకు అంతా గుర్తొచ్చింది. బెంగుళూరు వ్యాను ఆఫీసు ముందు ఐదు నిమిషాలు ఆగింది. బడి వార్షికోత్సవం లోపల పెట్టెలు చేరాలని తనకే తొందర. ఆ గడి ఖాళీగా ఉంటే వ్యాను కదలదన్నారు. ఆడ మామ ఉండాడు గదా, ఆయన చూసుకుంటాడులే అనుకుంది. గీకి ఇచ్చేసింది.

“బయటికి వస్తే మొదట అడిగేది పరీక్షించినోళ్ళనే,” అన్నాడు రాజశేఖర్. “బెంగుళూరోళ్ళు చేతులు దులుపుకుంటారు. నేను బెదిరిస్తాండానని అనుకోవద్దు. ఉన్న మాట చెప్తాండా.”

ఉన్న మాటే. సుజాత రెండు కాగితాలూ బ్యాగులో పెట్టుకుని లేచింది.

*

సాయంత్రం ఆరు గంటలకు సంజీవయ్య ఇంటి అరుగు మీద కూర్చుని రాసుకుంటున్నాడు. రేపటి సాక్ష్యం. హెడ్మాస్టరు దస్తూరి, గీత తప్పని అక్షరాలు. సుజాత పక్కన కూర్చుని, ఉత్తరాన్ని బ్యాగులోనే వదిలేసి, లిస్టు మాత్రం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చివరి గడి దగ్గర వేలు ఆగింది.

“నువ్వే రాసినావా?”

“ఆ.”

“చూడకుండా?”

“నువ్వు చూసుకుంటావు గదా అనుకున్నా మామా.”

ఆయన కళ్ళజోడు తీశాడు.

“నా కోడలు పంపించింది, చూసింటాది గదా అని నేను సంతకం పెడితి,” అన్నాడు.

ఇద్దరూ వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకమే బాలమ్మ చేతుల మీద పడిందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ బాధకు మందు ఏ ఆస్పత్రిలోనూ దొరకదు.

“రేపు నువ్వు చెప్పు మామా,” అంది సుజాత చివరికి. “ఆపేదానికి తేలేదు దీన్ని. నా పేరు కూడా ఉండాదని ముందే తెల్సుకోవల్ల నువ్వు.”

సంజీవయ్య తను రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తలుపు చాటున గాజుల చప్పుడైంది. ఓబులమ్మ ఎప్పటినుంచి నిలబడి ఉందో తెలియదు.

ఆదివారం పొద్దున సుజాత లేచేసరికి ఆఫీసు బ్యాగు వాకిట్లో లేదు. లోపల, ఎప్పుడూ ఉండే మేకుకే తగిలించి ఉంది.

*

మందిరం నిండిపోయింది. ఎడమ పక్క చాపల మీద ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు. బాలమ్మ కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆమె పక్కన ఓబులమ్మ, ఆమె పక్కన సుజాత.

రెండో పాట సగంలో ఉండగా రాజశేఖర్ వచ్చాడు. చేతిలో బాలమ్మకు పండ్ల సంచి. చెప్పులు బయట విడిచి, వెనక నిలబడబోయాడు. పాస్టరు యాకోబు ఊరుకుంటాడా? పాపం, ఆయనకేమీ తెలియదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వేదిక పక్కన కుర్చీ వేయించాడు.

“మన బడికి నలభై కంప్యూటర్లిచ్చిన పెద్దమనిషి మన మధ్యకు వచ్చినాడు. సంఘం తరఫున సంజీవయ్య సార్ శాలువా కప్పుతాడు.”

పాట ఆగింది. సంజీవయ్య లేచాడు. తెల్లచొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం అంచు కనిపిస్తోంది. ఎవరో శాలువా చేతిలో పెట్టారు. ఆయన నడుచుకుంటూ పోయి రాజశేఖర్ ఎదుట నిలబడ్డాడు.

ఇప్పుడే చెప్తాడు అనుకుంది సుజాత.

సంజీవయ్య ఒక్కసారి ఆడవాళ్ళ వైపు, సరిగ్గా కోడలి వైపు చూశాడు. శాలువా విప్పి రాజశేఖర్ భుజాల మీద కప్పాడు. చేతులు జోడించి, తిరిగి వచ్చి తన చోట కూర్చున్నాడు. తల ఎత్తలేదు. చప్పట్లు మోగాయి.

నలభై ఏళ్ళు పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పిన మనిషి తన కోసం నోరు మూసుకున్నాడు. సుజాతకు ఏడుపొచ్చింది. ఈ దయ తనకొద్దు అనిపించింది.

“సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి,” అన్నాడు పాస్టరు. అందరూ అలవాటుగా సంజీవయ్య వైపు చూశారు. ఆయన కదలలేదు.

సుజాత మోకాలు ఎత్తింది. ఓబులమ్మ చెయ్యి టక్కున కొంగు పట్టుకుంది.

“కూర్చో మే,” అంది గొంతు తగ్గించి. “నీ కోసమని ఆయప్పే గమ్మునుండాడు. నీకెందుకు?”

“అందుకే అత్తా.”

లేచింది. కొంగు అత్త పిడికిట్లోనే ఉంది. మైకు అందించిన వాళ్ళెవరో కూడా ఆమె చూడలేదు.

“వందనాలు. ఆ పెట్టెల్లో ఒక్కటే పనిచేస్తాది. ముప్పై తొమ్మిది చచ్చినవి. మా కంపెనీలో బయలుదేరేటప్పటికే చచ్చినవి. చూసినానని రాసి సంతకం పెట్టింది నేను. నేను చూడలేదు. మా పెద్దత్త చేతులు కాలింది అందుకే.”

ఎవరో “అయ్యో దేవా” అన్నారు. పాటల గుంపులోంచి లూదియా ముందుకొచ్చింది.

“అక్కా, కూర్చో. రేపొక్క దినం గదక్కా. ఒక్క దినం ఆగరాదా? మేం నూటిరవై మందిమి ఉండాము.”

మగవాళ్ళ వైపు లూదియా తండ్రి లేచాడు. ఆయన వెనక ఇంకొకాయన లేచాడు. “సంజీవయ్య సార్, ఏందిది? మీ కోడల్ని కూర్చోమని చెప్పండి,” అన్నారెవరో. సుజాత చెప్పాల్సిన అసలు మాట ఇంకా మిగిలే ఉంది. రేపు బడికి రాబోయే బాడుగ కంప్యూటర్ల మాట.

కొంగు తేలికైంది. ఓబులమ్మ వదిలేసింది.

రాజశేఖర్ శాలువా తీసి కుర్చీ మీద పెట్టాడు. చాపల మధ్య నుంచి నడిచి వచ్చి సుజాత ఎదుట చెయ్యి చాపాడు. ముఖంలో కోపం లేదు. చెమట ఉంది.

“సుజాతమ్మా, చాలు. మైకు నాకియ్యి.”

ఆయన చెప్పబోయేది ఒప్పుకోలో, చెమ్మ గది కథో ఆమెకు తెలియదు. మందిరమంతా ఆ చేతినే చూస్తోంది.

సుజాత మైకును రెండు చేతులతో పట్టుకుంది.

“ఇంగా అయిపోలేదు సార్,” అంది. “కూర్చోండి.”